బురద మీద బొట్టు

సిద్దిపేట తాలూకా మొత్తంలో ఆ మిలిటరీ లారీని నడిపిన మొనగాళ్లు ముగ్గురే. ఒకడు దాని డ్రైవరు దుబ్బయ్య. రెండోవాడు దాని యజమాని భూపతిరావు దొర. మూడోవాణ్ని నేను. నమ్మనివాళ్లు ఈ పుస్తకాన్ని ఇక్కడే మూసి బజారుకు పోయి సర్వపిండి తినవచ్చు. నమ్మినవాళ్లకు ఆ లారీ ఒకడి ప్రాణం ఎట్లా తీసిందో, ఇంకొకడి మెడకు ఎట్లా చుట్టుకుందో చెబుతాను.

యుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం సికింద్రాబాదులో పాత మిలిటరీ బండ్లను వేలం వేశారు. భూపతిరావు వాటన్నింటిలోకి పెద్దదాన్ని ఏరి తెచ్చాడు. మామూలు లారీని వెనుక చక్రాలే నెడతాయి. దీనికి ముందు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది. తోవ ఉన్నా లేకున్నా దానికి ఒకటే. రాళ్లు, వాగులు, దున్నిన చెలకలు ఏవీ లెక్కచేయదు. గుట్టల్లోంచి కలప మోయడానికి అట్లాంటిదే కావాలని దొర పట్టుబట్టాడు. దాని హారను విన్న బర్రెలు ఆ పూట పాలకు బదులు పెరుగు ఇచ్చేవి. ఆ పెరుగు నేను తిన్నాను. కొంచెం పుల్లగా ఉండేది.

ఆ లారీ ఒక సోమవారం పొద్దున తొగుట తోవలో వాగు దాటి, కాస్త ముందుకు పోయి, పక్కనున్న బండ మీదికెక్కింది. డ్రైవరు పక్కన కూర్చున్న గుమస్తా యాదగిరి అక్కడికక్కడే పోయాడు. దుబ్బయ్యకు నుదుటి మీద గీతపడింది, అంతే. భూపతిరావు ఒకే మాట చెప్పాడు: డ్రైవరు కల్లు తాగి బండి ఎక్కాడు. దుబ్బయ్యను ఠాణాలో వేశారు. బుధవారం పొద్దుగూకే వేళకు సంగారెడ్డి అదాలతుకు తరలిస్తారని కబురు. అక్కడ దొర సాక్ష్యానికి ఎదురు మాట్లాడే నాలుక తాలూకాలో ఎవరికీ లేదు.

మంగళవారం దుబ్బయ్య పెండ్లాం కొమురవ్వ వచ్చి లింగమూర్తి ఇంటి గడపలో కూర్చుంది. లింగమూర్తి హైదరాబాదు ఖుఫియా పోలీసులో, అంటే నేరాల కూపీ లాగే శాఖలో, పనిచేసినవాడు. ఒక దొంగతనంలో పైఅధికారి తమ్ముణ్నే పట్టి ఇచ్చి, దానికి బహుమతిగా ఉద్యోగం పోగొట్టుకుని, సొంత ఊరు చేరాడు. అతని సంచీ మోసేవాణ్ని నేను, సాంబయ్యను. అతను మరిచిపోయినవి గుర్తుచేస్తాను. అతను ఎవరికీ చెప్పవద్దన్నవి ఊరంతా చెబుతాను.

కొమురవ్వ ఏడవలేదు. లారీ ముందు చక్రాల దగ్గరి నూనె గొట్టం అరిగిపోయిందనీ, మార్చమని తన మొగుడు ఎన్నోసార్లు మొత్తుకున్నా దొర వినలేదనీ చెప్పింది.

“బండి రోగం దొరకెరికే అయ్యా. నా మొగడు సుక్క ముట్టడు. రేపు సంగారెడ్డికి తీస్కపోతే మల్ల నా కండ్లకు కనవడడు.”

లింగమూర్తి చెప్పులు తొడుక్కున్నాడు. అతను కేసు ఒప్పుకున్నాడనడానికి అదే గుర్తు.

ఈ నూనె గొట్టం సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. ముందు చక్రాలు రెండింటినీ కలుపుతూ కింద ఒక పొడవాటి కడ్డీ ఉంటుంది. చక్రం రాయి ఎక్కితే ఆ దెబ్బ కడ్డీ గుండా స్టీరింగుకు వచ్చి డ్రైవరు చేతులను విదిలిస్తుంది. ఆ దెబ్బను మింగడానికి కడ్డీకీ ఇరుసుకూ మధ్య అడ్డంగా ఒక గొట్టం బిగిస్తారు. లోపల నూనె, ఆ నూనెలో ముందుకూ వెనక్కూ ఆడే ఉక్కు కాడ. చదువుకున్నవాళ్లు స్టీరింగు డంపరు అంటారు. అది అరిగి నూనె కారిపోతే స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది.

వణికేదన్న మాటకు నేనే సాక్షిని. నేను ఆ లారీని నడిపానన్నాను కదా. అది వానల్లో చింతమడక పొలాల్లో దిగబడింది. ఇంజను ఆగిపోయింది. పన్నెండు జతల ఎడ్లను కట్టి లాగించారు. బరువు తక్కువవాడెవడైనా స్టీరింగు పట్టుకోవాలంటే నన్ను ఎక్కించారు. నేను నడపడమంటే అదీ. నేను కుడికి తిప్పితే ఎడ్లు ఎడమకు పోయాయి. అయినా ఆ నాలుగు మడుల దూరానికే నా మోచేతులు వారం రోజులు అన్నం ముద్ద నోటికి అందించలేదు. అంత వణుకు.

బుధవారం పొద్దున ఠాణాకు పోయాం. ఠాణా పెద్ద అమీన్ సాబు మర్యాదస్తుడు. తలుపు తీయించి తాను అరుగు మీద కూర్చున్నాడు. కొమురవ్వ అప్పటికే జొన్న గటుక గిన్నెతో వచ్చి ఊచల పక్కన ఉంది.

లింగమూర్తి మొదట కల్లు సంగతి అడగలేదు. ఆ పొద్దు బండి ఎందుకు కదిలిందని అడిగాడు. దుబ్బయ్య చెప్పినదాన్ని బట్టి ఆ రోజు బండి నడపాల్సింది అతను కాదు. తొగుటలో చుట్టాలకు చూపించాలని దొరే నడుపుతానన్నాడు. ఆ మాట ఊరందరికీ తెలుసు. తెల్లారేసరికి దొరకు నడుం పట్టేసింది. చెలకలో ఉన్న దుబ్బయ్యను పిలిపించి, తన బదులు గుమస్తాను ఎక్కించి పంపాడు. సికింద్రాబాదు నుంచి కొత్త గొట్టం వచ్చిన మాట నిజమే గాని, అది దొర ఇంట్లో గోనె చుట్టిన తీరుగానే ఉంది. బిగించలేదు.

“వాగు దాటినంక ఏమైంది?” అని లింగమూర్తి అడిగాడు.

“ముందుగాల వణికింది సారూ. గది రోజూ ఉండేదే. ఓ రాయెక్కినంక కింద టక్కుమన్నది. ఇగ స్టీరింగు తిరుగలే.”

“తిరుగలేదా, చేతులకెల్లి జారిందా?”

“జారలే. తాళమేసినట్టు బిగుసుకపోయింది.”

లింగమూర్తి బయటికి వచ్చాక నాతో అన్నాడు, అరిగిన గొట్టం చేతులను వణికిస్తది గాని తాళం ఎట్లేస్తది సాంబయ్యా అని. దుబ్బయ్య అబద్ధం చెబుతున్నాడా అని అడిగాను. అబద్ధం చెప్పేవాడు మనం నమ్మేటిది చెప్తడు, గిట్ల నమ్మలేనిది చెప్పడు అన్నాడు. నాకు ఆ లెక్క నచ్చలేదు. నేను చెప్పేవన్నీ నమ్మలేనివే మరి.

అమీన్ సాబు ఇచ్చిన జవానును వెంటబెట్టుకుని వాగు దగ్గరికి చేరేసరికి ఎండ నెత్తి మీదికి వస్తోంది. లారీ ముందుభాగం బండ మీదికెక్కి, ముందు చక్రాలు రెండూ గాలిలో ఉన్నాయి. దొర కాపలా మనుషులు చుట్టూ నిలబడ్డారు. దొర కూడా నడుముకు తువ్వాలు బిగించుకుని ఉన్నాడు. అతని పక్కన నల్ల కళ్లద్దాలు, తెల్ల టోపీ. ప్రభాకర్.

హైదరాబాదులో ప్రైవేటు డిటెక్టివు అని బోర్డు పెట్టుకున్నవాడు ప్రభాకర్. బెజవాడలో చదివాడు, మాటలు ఇస్త్రీ చేసినట్టు ఉంటాయి. యుద్ధంలో పూనా దగ్గర మిలిటరీ వర్క్‌షాపులో బండ్లు బాగుచేశాడు. సోమవారం చీకటిపడే వేళకే దొర అతన్ని కారులో రప్పించుకున్నాడు. అతను రాసుకున్న అత్తరుకు వాగు అవతలి తేనెటీగలు ఇవతలికి వచ్చాయి.

“రండి లింగమూర్తి గారూ. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదన్నమాట” అన్నాడు ప్రభాకర్. తరువాత నా దిక్కు చూసి, సంచీకి కాళ్లు కూడా ఉన్నాయే అన్నాడు.

లింగమూర్తి నేరుగా లారీ ముందు కూర్చుని కిందికి చూశాడు. నేనూ వంగాను. ఇరుసు, కడ్డీ, నట్లు, అన్నింటి మీదా వాగు బురద బూడిదరంగులో ఎండి పొలుసులు లేచింది. వాటి మధ్య అడ్డంగా నూనె గొట్టం ఉంది. దాని మీదా అదే బురద. కానీ బురద రాలిన చోట కొత్త నల్లరంగు నిగనిగలాడింది. కొత్త గొట్టం బిగించే ఉంది.

ప్రభాకర్ అందరికీ వినపడేట్టు చెప్పుకొచ్చాడు. దొరవారు శనివారమే కొత్త డంపరు వేయించారు. దాని మీద వాగు బురద ఉంది గనక, బండి వాగు దాటేటప్పుడు అది బండికే ఉందని రుజువు. స్టీరింగు బిగుసుకుందని డ్రైవరు అంటున్నాడట, తిప్పి చూడండి అన్నాడు. లింగమూర్తి సైగ చేస్తే నేను ఎక్కి తిప్పాను. గాలిలో ఉన్న చక్రాలు అటు చివరిదాకా, ఇటు చివరిదాకా మజ్జిగలో కవ్వం తీరుగా తిరిగాయి. ఈసారి ఎడ్లు కూడా అడ్డం లేవు.

“బండిలో లోపం లేదు. మిగిలింది బండి నడిపినవాడే” అన్నాడు ప్రభాకర్.

దుబ్బయ్య అబద్ధమాడాడు, కొమురవ్వ అబద్ధమాడింది, ఇద్దరూ కలిసి మమ్మల్ని ఎండలో నడిపించారు. నాకు అట్లాగే అనిపించింది. లింగమూర్తి మాత్రం దొరను చిన్న చిన్న ప్రశ్నలు అడగసాగాడు. వాగులో నీళ్లు ఎంత లోతు? ఇరుసు మునిగేంత. సోమవారం తరువాత బండి కింద ఎవరైనా చెయ్యి పెట్టారా? పెట్టలేదు, కాపలా ఉంది. శనివారం గొట్టం బిగించినది ఎవరు? దొర ఒక ఘడియ ప్రభాకర్ ముఖం చూశాడు. సికింద్రాబాదు మేస్త్రీ వచ్చి బిగించి పోయాడన్నాడు.

లింగమూర్తి అంగీ విప్పి నా చేతికిచ్చి, వెల్లకిలా పడుకుని లారీ కిందికి జరిగాడు. చాలాసేపు కాళ్లు మాత్రమే కనిపించాయి. తరువాత లోపలి నుంచి మామూలు గొంతుతో, ప్రభాకర్ గారూ, ఒకసారి తల వంచి గొట్టం వెనుక పక్కకెల్లి చూడున్రి అన్నాడు. ప్రభాకర్ ప్యాంటు మోకాళ్లకు రుమాలు పరుచుకుని వంగాడు. నేను రుమాలు లేకుండానే వంగాను. జవాను కూడా వంగాడు.

గొట్టం వెనుక వైపు, నిలబడినవాళ్లకు ఎట్లా చూసినా కనబడని చోట, మూడు వేళ్లతో రాసిన పసుపు ఉంది. మధ్యలో కుంకుమ బొట్టు.

మా దిక్కున కొత్త ఇనుము ఏది బిగించినా అంతే. నాగలికి కర్రు వేసినా, బావికి గిలక పెట్టినా, పసుపు రాసి బొట్టు పెట్టనిదే పనికి తీయరు. బొట్టు లేని ఇనుము మనిషిని కోరుతుందని అంటారు. కాబట్టి నాకు అందులో వింత ఏమీ కనబడలేదు.

“అయితే ఏమిటి? కొత్తదానికి మీ ఊళ్లో బొట్టు పెట్టరా?” అన్నాడు ప్రభాకర్.

“పెడ్తరు. శనివారం పెట్టి, సోమవారం వాగు దాటితే, బొట్టు మీద బురద పడాలె. గీ బొట్టు బురద మీదున్నది.”

లింగమూర్తి గోటితో మెల్లగా గీకాడు. పైన పసుపు పొడిగా రాలింది. దాని కింద బూడిదరంగు బురద. బురద కింద నల్లరంగు. ముందు ఎవరో చేత్తో బురద పూశారు, ఆ పూసినదాని మీద ఇంకెవరో పసుపు రాశారు. అసలు ఇరుసు మునిగేంత నీళ్లలోంచి పోయిన బండికి పసుపు మిగలనే మిగలదు.

ప్రభాకర్ లేచి, రుమాలు దులుపుకుని, నల్ల కళ్లద్దాలు తీసి దొర వైపు తిరిగాడు. కోపంలో మనిషికి తన చుట్టూ ఎవరున్నారో గుర్తుండదు.

“పసుపు వద్దని చెప్పాను కదండీ” అన్నాడు, చాలా మెల్లగా.

దొర తల వంచుకున్నాడు. “ఉత్త ఇనుము బండికి ఎట్ల ఉంచుత? అందుకే కానరాకుంట ఎనుకకు పెట్టిన.”

ఆ రెండు మాటలూ జవాను విన్నాడు. కాపలా మనుషులు విన్నారు. తరువాత మిగతాది లాగడానికి లింగమూర్తికి పెద్ద కష్టం కాలేదు. మంగళవారం తెలతెలవారుతుండగా ప్రభాకరే పాతది విప్పి కొత్తది బిగించాడు. వర్క్‌షాపు చేతులు కదా, ఎక్కడా నట్టు మర కూడా చెడలేదు. వాగు బురద తెచ్చి పూసింది కూడా అతనే. అతను నట్లు విప్పిన పానాలు కడుక్కోవడానికి వాగుకు పోయిన సందులో దొర కిందికి దూరి బొట్టు పెట్టాడు. పట్టేసిన నడుముతో ఎట్లా దూరాడని అడగకండి, భక్తి ఉన్నచోట నడుం వంగుతుంది. అరిగిన గొట్టం మార్చలేదన్న నింద రాకూడదని, గుమస్తా చావు తన మీదికి రాకూడదని ఇదంతా.

నేను అక్కడి నుంచే ఠాణాకు పరుగెత్తబోయాను. ఆ పూట దుబ్బయ్య ఇంట్లో గటుక తింటాడని కొమురవ్వకు నేనే చెప్పాలని నా ఆశ. లింగమూర్తి నా అంగీ పట్టుకుని ఆపాడు. పాత గొట్టం ఎక్కడుందని దొరను అడిగాడు.

అది ప్రభాకర్ కారులోనే, వెనుక సీటు కింద, గోనెలో ఉంది. జవాను తెచ్చి నేల మీద పెట్టాడు. గొట్టంలో నూనె చుక్క లేదు. దుబ్బయ్య చెప్పినట్టే అరిగిపోయి ఉంది. కానీ దాని ఉక్కు కాడ మధ్యలో రెండు ముక్కలైంది. విరిగిన కొస వంగి, దేనికో గట్టిగా ఒరుసుకున్న గాట్లతో ఉంది. ఆ కొసే కడ్డీకి అడ్డంపడి స్టీరింగుకు తాళం వేసింది. బండకు తగిలినప్పుడు విరిగి ఉంటుందిలే, మసక వెలుతురులో విప్పాను గనక పట్టించుకోలేదు అన్నాడు ప్రభాకర్.

లింగమూర్తి గోనె అంచుతో విరిగిన ముఖం మీది మడ్డిని తుడిచాడు. ఎండకు పట్టి నాకు చూపించాడు. సగం ముఖం గరుకుగా, విరిగిన బెల్లం గడ్డలా ఉంది. మిగతా సగం నున్నగా, తిన్నని సన్న గీతలతో మెరుస్తోంది. ఇనుము కోసే రంపం గీతలు.

“సగం కోసి ఇడిసిపెట్టిన్రు. మిగిలిన సగం ఆ రాయి ఎక్కినప్పుడు ఇరిగింది” అన్నాడు.

భూపతిరావు వచ్చి చూశాడు. ఉన్నచోటనే నేల మీద కూర్చున్నాడు.

“ఆ పొద్దు నేను నడపాలె” అన్నాడు. అదే మాట రెండోసారి, ఇంకా చిన్నగా అన్నాడు.

దొర మీద పగ ఎవరికని లింగమూర్తి అడిగాడు. కాపలా మనుషులు ఒక్కొక్కరూ ఒక్కో దిక్కు చూశారు. ప్రభాకర్ మాత్రం సిగరెట్టు ముట్టించాడు.

“నేను చేసింది తప్పే, దానికి నాకు ఏ శిక్ష పడాలో పడుతుంది. మీరు చేసింది చూసుకోండి లింగమూర్తి గారూ. పొద్దున అది తాగిన డ్రైవరు కేసు, కొన్నేళ్ల జైలు. ఇప్పుడది ఖూనీ. బండి దగ్గర పడుకునేదెవరు? ఆ రంపం ఎవరి పెట్టెలో ఉంటుంది? పోయిన ఎండాకాలం దొరవారి కలప మీదపడి చచ్చిన సారయ్య ఎవరి బామ్మర్ది?”

నాకు తెలుసు. అక్కడున్న అందరికీ తెలుసు. సారయ్య కొమురవ్వ తమ్ముడు. జ్వరంతో మూలుగుతున్నవాణ్ని వెట్టికి ఈడ్చుకుపోయి దుంగ కింద నిలబెట్టారు. శవాన్ని అదే లారీలో తెచ్చి ఇంటి ముందు దింపారు. బండి నడిపింది దుబ్బయ్యే.

“తాను కోసిన బండిని తానే నడుపుతడా?” అన్నాడు లింగమూర్తి.

“దొర పిలిస్తే రానని చెప్పగలడా?” అన్నాడు ప్రభాకర్.

లింగమూర్తి విరిగిన కాడను మళ్లీ గోనెలో చుట్టాడు.

తిరిగి ఠాణాకు నడిచినంతసేపూ అతను గోనెను నాకు ఇవ్వలేదు, తానే మోశాడు. దాన్ని వాగులో పారేసి పోదామా అని నేను అడగలేదని మీరు అనుకుంటే పొరపాటు. అడిగాను. జవాను ముందు నడుస్తున్నాడు, వినపడదు అని కూడా చెప్పాను. లింగమూర్తి నా ముఖం చూసి, గది పారేస్తే ఆ గుమస్తా పెండ్లానికి ఏం చెప్తవు అన్నాడు.

ఠాణాలో జవాను మాకంటే ముందే దొర గుట్టు బయటపడ్డ సంగతి మాత్రం చెప్పేశాడు. కొమురవ్వ లింగమూర్తి కాళ్ల మీద పడబోయింది. దుబ్బయ్య ఊచలు పట్టుకుని నవ్వుతున్నాడు. తరలించడం ఆపుతానని అమీన్ సాబు మాట కూడా ఇచ్చాడు. అప్పుడు లింగమూర్తి గోనె విప్పి, విరిగిన కాడను బల్ల మీద, నున్నటి సగం పైకి కనపడేట్టు పెట్టాడు. దుబ్బయ్య డ్రైవరు. దాన్ని ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. అతని నవ్వు ఆగింది.

“నీ పానాల పెట్టె తాళంచెవి ఎక్కడుంటది?” అని లింగమూర్తి అడిగాడు.

“నా మొలతాడుకే సారూ. నిద్రల గూడ తియ్య. ఎవ్వలకియ్య.”

ఈ అధ్యాయంలో నేను కల్పించిన మాట ఒకటి ఉందని ముందే పసిగట్టినవాళ్లకు దండం. అది బర్రెల మాట కాదు, ఎడ్ల మాట కాదు. ఇప్పుడు చదివారే, దుబ్బయ్య జవాబు, అది నాది. ప్రశ్న అడిగిన తరువాత జవాబు లేకపోతే పేజీ బోసిగా ఉంటుందని నేనే రాసి పెట్టాను. నిజానికి దుబ్బయ్య పెదవి కదపలేదు. చెయ్యి మొలతాడు మీదికి పోయింది. అక్కడ తడుముకుని, తలెత్తి, నిద్రలో ఆ తాడును ముట్టగల ఒకే మనిషిని, కొమురవ్వను చూశాడు. ఆమె బల్ల మీది ఇనుమును చూడలేదు. గటుక గిన్నె మీద మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.